మధ్యంతర ఎన్నిక, ఉప ఎన్నిక: ఒక పదకోశంలో కలగలిసిపోయిన రెండు మాటలు

గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటున్న మా మేనకోడలి కోసం కోఠిలోని పుస్తకాల అంగళ్లలో ఎన్నికల పదకోశం ఒకటి కొన్నాను. 150 పేజీలు, ధర 120 రూపాయలు, జేబులో పట్టే పరిమాణం. పుస్తకం పేరు, ప్రచురించినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే పొరపాటు మరికొన్ని గైడ్లలో కూడా కనిపించింది కనుక ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదనిపించింది.

ముందుగా మంచి చెప్పాలి. ధరావతు గురించిన వివరణ నేను ఇటీవల చదివినవాటిలో అన్నిటికంటే స్పష్టంగా ఉంది. అసెంబ్లీ అభ్యర్థి 10,000 రూపాయలు, లోక్‌సభ అభ్యర్థి 25,000 రూపాయలు కట్టాలని, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగమేనని, చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఆ సొమ్ము తిరిగి రాదని, ఈ లెక్కలో నోటా ఓట్లను కలపరని ఒక చిన్న ఉదాహరణతో సహా చూపించారు. నామినేషన్ల పరిశీలన, ఉపసంహరణ వంటి మాటలకు కూడా పేచీ లేదు. అచ్చుతప్పులు తక్కువ; కాగితం మాత్రం పలుచన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి.

పుస్తకం తడబడింది ‘మధ్యంతర ఎన్నిక’, ‘ఉప ఎన్నిక’ అన్న మాటల దగ్గర. రెండూ సభ గడువు నడుమ జరిగేవేనని, చాలా స్థానాలకు ఒకేసారి జరిగితే మధ్యంతరమని, ఒకటి రెండు స్థానాలకు జరిగితే ఉప ఎన్నిక అని ఇందులో రాశారు. ఇది స్థానాల లెక్కతో తేలే భేదం కాదు. 2012 జూన్ 12న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు, నెల్లూరు లోక్‌సభ స్థానానికి ఒకే రోజు పోలింగ్ జరిగింది. రాష్ట్రమంతా సాధారణ ఎన్నికల వేడి కనిపించినా అవి ఉప ఎన్నికలే. సభ రద్దు కాలేదు, ఖాళీ అయిన కుర్చీలు మాత్రమే నిండాయి.

అసలు తేడా గడువులో ఉంది. ఉప ఎన్నికలో గెలిచినవారికి కొత్త అయిదేళ్లు రావు. తమకు ముందున్న సభ్యుడు వదిలిన మిగులు కాలమే దక్కుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ కూడా ఈ మిగులు కాలాన్నే చూస్తుంది: ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలి, కానీ మిగిలిన కాలం ఏడాది కంటే తక్కువైతే ఆ నియమం వర్తించదు. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఐదుగురు లోక్‌సభ సభ్యుల రాజీనామాలు ఆమోదం పొందినా ఆ స్థానాలకు ఉప ఎన్నికలు జరగకపోవడానికి కారణం ఇదే. ఖాళీలు ఏర్పడే నాటికి ఆ సభకు ఏడాది కూడా మిగలలేదు. పరీక్షలో అడగదగిన ఇంత చక్కని ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉండగా పదకోశం దాన్ని వదిలేసింది.

మధ్యంతర ఎన్నికలో పాత గడువు సభతోపాటే ముగిసిపోతుంది. 1983 జనవరిలో ఎన్నికైన అసెంబ్లీని, 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి పదవి నుంచి తనను తొలగించిన సంక్షోభం నుంచి బయటపడిన తరువాత ఎన్.టి. రామారావు రద్దు చేయించి, 1985 మార్చిలో మళ్లీ ప్రజల ముందుకు వెళ్లి 202 స్థానాలు గెలిచారు. ఆ గెలుపు 1983 సభలో మిగిలిన కాలానికి కాదు, పూర్తిగా కొత్త సభకు. ఈ సూత్రం ఎంత దూరం పనిచేస్తుందో తెలంగాణలో చూడవచ్చు. 2014లో అక్కడ అసెంబ్లీకి, లోక్‌సభకు కలిపి ఎన్నికలు జరిగాయి. 2018 సెప్టెంబరు 6న సభ రద్దయి డిసెంబరు 7న పోలింగ్ జరగడంతో కొత్త అయిదేళ్లు అప్పటి నుంచి మొదలయ్యాయి కనుక తరువాతి అసెంబ్లీ ఎన్నికలు 2023 నవంబరులోనూ, లోక్‌సభ ఎన్నికలు 2024 మేలోనూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2014, 2019, 2024లలో రెండిటికీ కలిపే ఓటు వేసింది.

రచయిత ఎందుకు పొరబడ్డారో ఊహించడం కష్టం కాదు. ‘మధ్యంతర’ అన్న మాటను మనం ఎక్కువగా వినేది వేరే చోట: ఉద్యోగులకు మధ్యంతర భృతి, కోర్టులో మధ్యంతర ఉత్తర్వులు, పార్లమెంటులో మధ్యంతర బడ్జెట్. వీటన్నిటిలోనూ దానికి ‘అసలుది వచ్చేదాకా’ అన్న అర్థం ఉంది. ఆ అర్థాన్నే ఎన్నికకు తగిలిస్తే, మధ్యంతర ఎన్నికతో ఏర్పడే ప్రభుత్వం కూడా తాత్కాలికమే అనిపిస్తుంది. కానీ ఎన్నికల సందర్భంలో ఆ మాట పోలింగ్ వచ్చిన వేళను చెబుతుందే తప్ప, ఎన్నికైన సభ ఆయుష్షును చెప్పదు. చట్టం దృష్టిలో గడువు తీరి జరిగినా, రద్దు మూలంగా జరిగినా అది సాధారణ ఎన్నికే. పదకోశం చెప్పవలసిన మొదటి వాక్యం ఇది.

2018 నాటి ఎన్నికలను మన పత్రికలు ఎక్కువగా ‘ముందస్తు’ అన్నాయి, 1985 నాటివాటిని ‘మధ్యంతర’ అన్నాయి. ఇది చట్టం చేసిన విభజన కాదు, వాడుక చేసినది. గడువు దగ్గర పడుతుండగా అధికారంలో ఉన్నవారు తమకు అనువైన వేళ చూసుకుని వెళితే ముందస్తు అనీ, సంక్షోభం తరువాత గడువు సగంలో వెళితే మధ్యంతరం అనీ పలకడం నా చెవికి సహజంగా తోస్తుంది. పదకోశంలో ‘ముందస్తు’కు చోటే లేదు, తెలుగువారు రోజూ వినే మాటకు తెలుగు పదకోశంలో చోటు లేకపోవడం నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపించింది. అమెరికాలో ఉన్న బంధువులతో మాట్లాడేవారికి ఇంకో చిక్కు ఉంది: అక్కడి మధ్యంతర ఎన్నికలు అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం నడుమ క్రమం తప్పకుండా వచ్చేవి, వాటికి ఏ సభా రద్దు కానక్కరలేదు.

ఇక అట్ట మీద 2025 వరకు సవరించామని రాసుకున్నారు కనుక ఇందులో లేని ఒక సంగతి చెప్పక తప్పదు. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టిన, ఆ తరువాత సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లులో (లోక్‌సభకు, అసెంబ్లీలకు కలిపి ఎన్నికలు జరిపేందుకు తెచ్చినది) ‘మధ్యంతర ఎన్నిక’ అన్న మాటకు నిర్వచనమే ఉంది. సభ ముందుగా రద్దయితే, తరువాత ఎన్నికైన సభ పాత సభలో మిగిలిన కాలానికే ఉంటుందని, అలాంటి ఎన్నికను మధ్యంతర ఎన్నిక అని, పూర్తి గడువు ముగిశాక జరిగేదాన్ని సాధారణ ఎన్నిక అని పిలవాలని అది ప్రతిపాదిస్తుంది. అంటే ఆ బిల్లు చట్టమైతే మధ్యంతర ఎన్నిక గడువు విషయంలో ఉప ఎన్నిక పక్కకు చేరుతుంది, సభ మొత్తానికి జరిగే ఉప ఎన్నిక లాంటిదవుతుంది. ఈ సంగతి రాసి ఉంటే, ఇప్పుడు తప్పుగా ఉన్న అదే పేజీ మొత్తం పుస్తకానికే విలువ తెచ్చేది.

ధరావతు, నామినేషన్ల భాగాల కోసం 120 రూపాయలు పెట్టవచ్చు. మూడు నక్షత్రాలు ఇస్తాను. మా మేనకోడలికి ఇచ్చే ముందు ఆ పేజీ అంచున పెన్సిలుతో 2012, 1985, 2018 అని మూడు సంవత్సరాలు రాసి, వాటి కింద ‘ఎవరి గడువు?’ అని ఒక ప్రశ్న పెట్టాను.