బడి భవనంలో ఆస్బెస్టాస్: ఉంచి కాపలా కాయాలా, తీసేయించాలా?

పాత బడి భవనంలో ఆస్బెస్టాస్ (రేకుల్లో, బోర్డుల్లో కలిపే, సన్నటి పోగులుగా విడిపోయే ఖనిజం) ఉందని రిపోర్టు రాగానే తల్లిదండ్రుల మీటింగులో మొదట వినిపించే మాట "ముందు అది పీకించేయండి" అని. పిల్లల సంగతి కాబట్టి ఆ టెన్షన్ సహజమే. కానీ చట్టాలు ఆ మాట అనవు. అమెరికాలో బడుల కోసమే 1986లో తెచ్చిన అహేరా చట్టమైనా, బ్రిటన్‌లో 2012 నాటి ఆస్బెస్టాస్ నియంత్రణ నిబంధనలైనా ముందు అడిగేవి వేరు. అది ఎక్కడెక్కడ ఉందో వెతకాలి, ఏ స్థితిలో ఉందో రాసిపెట్టాలి, ఎవరూ దాన్ని కదిలించకుండా చూసుకోవాలి. తీసేయడం ఆ తర్వాతి మాట.

ఇలా ఎందుకంటే, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్న ఆస్బెస్టాస్ నుంచి గాల్లోకి దాదాపు ఏమీ రాదు. విరిగినప్పుడో, గీరుకున్నప్పుడో, డ్రిల్లు దిగినప్పుడో కంటికి ఆనని పోగులు లేస్తాయి. సన్నటి పోగులు గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటాయి. పీలిస్తే ఊపిరితిత్తుల్లో దిగబడిపోతాయి. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా క్యాన్సర్ బయటపడేసరికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పిల్లల విషయంలో నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఈ లెక్కే. బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే క్యాన్సర్ కారకాల కమిటీ 2013లో ఒక అంచనా చెప్పింది. 5 ఏళ్ల వయసులో మొదటిసారి ఈ పోగుల బారిన పడిన పిల్లలకు జీవితకాలంలో ఆ జబ్బు వచ్చే ముప్పు, 30 ఏళ్లకు మొదటిసారి బారిన పడిన పెద్దవాళ్లతో పోలిస్తే సుమారు 5 రెట్లు ఉంటుందని. ముందున్న ఆయుష్షు ఎక్కువ కాబట్టి జబ్బు ముదరడానికి టైమూ ఎక్కువ దొరుకుతుంది.

ఆస్బెస్టాస్ అంతా ఒక్కలా ఉండదు. సిమెంటు రేకుల్లో పోగులు సిమెంటులో గట్టిగా బిగుసుకుని ఉంటాయి. పాత ఫ్లోర్ టైల్స్‌లోనూ అంతే. బాయిలర్ పైపులకు చుట్టిన పూత, సీలింగుకు స్ప్రే చేసిన మెత్తటి పొర మాత్రం చేత్తో నలిపితే పొడిపొడి అవుతాయి. ఈ రెంటికీ మధ్యలో ఒకటుంది: ఇన్సులేషన్ బోర్డు. చూడ్డానికి మామూలు ప్లాస్టర్ బోర్డులాగే ఉంటుంది. తరగతి గోడకు, కిటికీ కింద ప్యానెల్‌కు వాడారు. టీచరు చార్టు తగిలించడానికి దానికి పిన్ను గుచ్చుతారు. ఏడాది చివర చార్టు తీస్తే చిన్న బెజ్జం, దాని చుట్టూ కాస్త తెల్లటి పొడి. అది ఎవరికీ పనిగా అనిపించదు, పనిగా ఎక్కడా రాసి ఉండదు.

ఇక ఉంచి చూసుకునే దారి. ఇది చేతులు కట్టుకుని కూర్చునే దారి అనుకుంటే పొరపాటు. అహేరా ప్రకారం ప్రతి బడి యాజమాన్యం ఈ పని చూడటానికి ఒక మనిషిని నియమించాలి. ఆరు నెలలకోసారి ఆస్బెస్టాస్ ఉన్న చోట్లన్నీ తిరిగి చూడాలి. మూడేళ్లకోసారి అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్‌తో మళ్లీ పరీక్ష చేయించాలి. నిర్వహణ ప్లాను కాపీ బడి ఆఫీసులోనే ఉండాలి, అడిగినవాళ్లకు చూపాలి. ఏడాదికోసారి తల్లిదండ్రులకూ టీచర్లకూ తెలియజేయాలి. ఊడ్చేవాళ్లకు, మరమ్మతులు చేసేవాళ్లకు కనీసం 2 గంటల శిక్షణ ఇవ్వాలి. ఆస్బెస్టాస్‌ను కదిలించే పని చేసేవాళ్లకైతే మరో 14 గంటలు. బ్రిటన్ నిబంధన దాన్ని కదిలించే అవకాశం ఉన్న ప్రతి ఒక్కరికీ అది ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పి తీరాలంటుంది. తల్లిదండ్రులకు ఏటా చెప్పాలన్న అమెరికా పద్ధతే నాకు ఎక్కువ నచ్చుతుంది. బయటివాళ్ల కళ్లు పడితేనే ఈ తనిఖీలు రాసిపెట్టే రిజిస్టర్ సజీవంగా ఉంటుంది.

ఒక బడి రిజిస్టర్ నేను తిరగేశాను. ఏడో నంబరు గది, కిటికీ కింద ప్యానెల్, "బాగుంది" అని రాసి ఉంది. ఆరు నెలల తర్వాత మళ్లీ "బాగుంది". అలా మూడేళ్లు. ఆరు ఎంట్రీలూ ఒకే చేతిరాత, ఒకే పెన్ను, ఒకే రోజు కూర్చుని నింపినట్టు. గదిలోకి వెళ్లి చూస్తే ఆ ప్యానెల్ మూల బెంచీ తగిలి చితికి ఉంది, లోపలి బూడిదరంగు కనిపిస్తోంది. ఆ బెంచీలో కూర్చునే పిల్ల ముఖానికి అది రెండడుగుల దూరం. కాగితం మీద ఆ బడి నిబంధనలన్నీ పాటించినట్టే. ఆ రోజు నుంచి "కదిలించకపోతే ప్రమాదం లేదు" అనే మాట వినగానే, కదలలేదని చూసేదెవరు అని అడగడం నాకు అలవాటైంది.

మధ్యేమార్గంగా కనిపించేది సీలు చేయడం. పైన గట్టి కోటింగ్ వేస్తారు, లేదా గాలి చొరబడని కొత్త గోడ కట్టి మూసేస్తారు. తొందరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువ. పైపుల పూత అక్కడక్కడ మాత్రమే చిరిగితే, పిల్లలు రాని గదిలో ఉంటే సరిపోతుంది. తరగతి గదిలో మాత్రం నాకు నమ్మకం లేదు. కళ్ల ముందున్నది కనిపించకుండా పోతుంది, పదేళ్ల తర్వాత ఫ్యాను హుక్కు కోసమో కేబుల్ కోసమో ఎవరో ఆ గోడకే డ్రిల్లు పెడతారు. పైగా వదులైపోయిన మెత్తటి పొర మీద కోటింగ్ వేస్తే ఆ బరువుకే పొర ఊడి రాలవచ్చు.

మరి ఏది మేలు? చాలామంది పదార్థాన్ని చూసి తేలుస్తారు. నేనైతే ముందు మనుషుల్ని చూస్తాను. పైకప్పు రేకులు పగలకుండా ఉన్నాయి, పిల్లల చేతికి అందవు, పైకెక్కి బెజ్జాలు కొట్టేవాళ్లు లేరు, నాచును పొడి బ్రష్షుతో గీకకూడదని అక్కడి పనివాళ్లకు తెలుసు: అలాంటప్పుడు ఉంచడమే మంచిది. ఫ్లోర్ టైల్స్ కూడా అంతే, పొడిగా గీకడం, మెషీన్‌తో అరగదీయడం చేయకపోతే చాలు. పిల్లలకు అందే ఎత్తులో ఇన్సులేషన్ బోర్డు ఉంటే మాత్రం, ఈ రోజు చెక్కుచెదరకుండా ఉన్నా సరే, రాబోయే సెలవుల్లో తీయించేయాలంటాను. హెడ్మాస్టర్లు మారతారు, కాంట్రాక్టర్లు మారతారు, ఫైలు ఎక్కడుందో తెలిసిన గుమాస్తా రిటైర్ అవుతారు. ముప్పై ఏళ్లపాటు తప్పకుండా కాపలా కాసే ఏర్పాటు బడుల్లో అరుదు. పొడి రాలుతున్నదైతే సెలవుల దాకా కూడా ఆగకూడదు. గది మూసేసి, తాళం వేసి, పిల్లల్ని వేరే గదికి మార్చాలి.

అయితే తీయించడం సరిగ్గా జరగకపోతే ఉంచడం కన్నా ఘోరం. అంతవరకు బోర్డులో ఉన్నది గదంతా పరుచుకుంటుంది. అసలు ముందు వెతుకులాటే సరిగా లేకపోతే ఏమవుతుందో 1993 సెప్టెంబరులో న్యూయార్క్ నగరం చూసింది. అంతకుముందు చేసిన తనిఖీలు నమ్మదగ్గవి కావని తేలి, బడులన్నీ మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. కొత్త విద్యాసంవత్సరం రోజుల తరబడి వాయిదా పడింది.

పని జరిగే గదిని ప్లాస్టిక్ షీట్లతో కట్టుదిట్టంగా మూసి, లోపలి గాలి బయటికి పొక్కకుండా హెపా ఫిల్టరు (అతి సన్నటి దుమ్మును కూడా పట్టేసే జల్లెడ) ఉన్న యంత్రంతో లాగుతూ ఉండాలి. బోర్డును తడిపి, వీలైనంతవరకు ముక్కలు చేయకుండా తీయాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ అసలు వాడకూడదు, అది పోగుల్ని వెనక నుంచి గాల్లోకే ఊదేస్తుంది. పని అయ్యాక ముందు కంటితో చూడాలి. కిటికీ అంచు మీద వేలు పెడితే దుమ్ము అంటుకుందంటే గాలి పరీక్ష దాకా వెళ్లనే కూడదు. అహేరా పద్ధతిలో గాలి శాంపిల్ తీసే ముందు, ఆకులు ఊదే బ్లోయర్‌తో గోడల్ని, నేలను, మూలల్ని కావాలనే ఊదుతారు. పిల్లలు పరుగెత్తినప్పుడు ఎంత లేస్తుందో అంతకన్నా ఎక్కువే లేపి, అప్పుడు లెక్కిస్తారు. కదలని గాలిలో తీసిన శాంపిల్‌ను చూపించి "క్లియర్" అంటే ఒప్పుకోవద్దు. ఆ పరీక్ష చేసే ల్యాబ్‌ను, పని చేసిన కాంట్రాక్టర్ కాకుండా, బడే విడిగా డబ్బు కట్టి పిలిపించాలి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా గది తాళం తీయకూడదు.