నల్లగొండలో నెల అద్దెకు దొరికే బైపాప్ (మాస్కుతో గాలిని రెండు ప్రెషర్లలో పంపి ఊపిరికి సాయపడే మిషన్): 5కి 3 మార్కులు
మిషన్‌కు వంక పెట్టలేం, చూపించి చెప్పే ఓపికే షాపులో లేదు. ఏఎల్‌ఎస్‌లో (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) పాడయ్యేది ఊపిరితిత్తులు కాదు, వాటిని ఆడించే కండరాలు. కాబట్టి ఒకే ప్రెషర్‌తో గాలి పంపే సీప్యాప్ అంటగడితే వద్దనండి. బ్యాకప్ రేటున్న (మనిషి ఊపిరి తీయకపోతే మిషనే ఇచ్చే) ఎస్/టీ మోడ్ బైపాపే అడగండి. ఒట్టి ఆక్సిజన్ పెడితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్మే ప్రమాదముంది. ప్రెషర్ సాధారణంగా 8/4 (పీల్చేటప్పుడు 8, వదిలేటప్పుడు 4) దగ్గర మొదలవుతుంది, పెంచేది డాక్టరే. చేతులు పైకి ఎత్తలేని మనిషికి ముఖమంతా కప్పే మాస్కు పెడితే, వాంతి వచ్చినప్పుడు తీసుకోలేరు, పక్కన ఒకరుండాలి. మరీ బిగిస్తే ముక్కుదూలం పుండవుతుంది. గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లకు తెల్లపొర కడుతుంది (మన నీళ్ల సంగతి తెలిసిందే). కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆ నీళ్లను వేడిచేసే హీటర్ ఆపి నడపండి, బ్యాటరీ ఎక్కువసేపొస్తుంది. ఫిల్టర్ మాత్రం పాతదే బిగించి ఇస్తున్నారు, కొత్తది అడిగి తీసుకోండి.