తొమ్మిదేళ్లు వాడిన చిప్ తాళం: ఎక్కడ మొరాయిస్తుంది, ఎలా దారికొస్తుంది

తిప్పి స్టార్ట్ చేసే తాళం, దాని తలలో ఒక చిప్, ఇగ్నిషన్ లాక్ మూతి చుట్టూ ఒక రింగు. ఈ సమీక్ష ఆ మూడింటి గురించే. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో తొమ్మిదేళ్లు వాడాక నా అభిప్రాయం: ఇమ్మొబిలైజర్ (చిప్‌ని గుర్తుపడితేనే ఇంజన్‌ని నడవనిచ్చే దొంగతన నిరోధక ఏర్పాటు) మొండి ఘటమే, దానంతట అది పాడవడం అరుదు. తిప్పలు పెట్టేవి బ్యాటరీ, తాళం కేసు, రింగు కనెక్టర్. చూసీచూడగానే ‘ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందండీ’ అనే మెకానిక్ మాట వినే ముందు ఈ మూడూ చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు, టైమ్ వృథా చేయించే అపోహ ఒకటుంది. ‘తాళం గుర్తుపట్టట్లేదు, సెల్ మార్చాలి’ అంటారు. తాళంలోని బటన్ సెల్ డోర్ లాక్ రిమోట్‌కి మాత్రమే. చిప్‌కి సెల్ ఉండదు. తాళం తిప్పగానే రింగులోని కాయిల్ 125 కిలోహెర్ట్‌జ్ చుట్టుపక్కల ఒక అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, చిప్ ఆ శక్తితోనే మేలుకుని జవాబు చెబుతుంది. ఆ క్షేత్రం అందేది రెండు మూడు సెంటీమీటర్ల దూరమే. సెల్ పూర్తిగా చచ్చిపోయినా డోర్‌ని తాళంతో తీసి బండి స్టార్ట్ చేయొచ్చు. స్టార్ట్ బటన్ ఉన్న కార్ల లెక్క వేరు. అక్కడ తాళం జేబులో ఉండగా గుర్తుపట్టాలంటే సెల్ కావాలి. అది అయిపోతే చాలా మోడళ్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే పని జరుగుతుంది.

ముందు మీటర్ బోర్డు చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే తాళం బొమ్మ లైటు వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోతే గుర్తింపు అయిపోయినట్టే, మీ సమస్య వేరే చోట ఉంది. అదేపనిగా మిణుకుమంటుంటే తాళాన్ని ఒప్పుకోలేదని అర్థం. అసలు వెలగకపోతే ఫ్యూజు వైపు వెళ్లండి. సెల్ఫ్ కొడితే ఏమవుతుందో కూడా గమనించాలి. కొన్ని కార్లలో సెల్ఫే తిరగదు. కొన్నిట్లో ఇంజన్ అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఠక్కున ఆగిపోతుంది, ప్రతిసారీ అంతే. అలా ఆగుతూ లైటు కూడా మిణుకుమంటుంటే ఇంజెక్టర్లను ఇమ్మొబిలైజర్ ఆపుతోందన్నమాట, పెట్రోల్ పంపు మీద అనుమానం అక్కర్లేదు.

తర్వాత మల్టీమీటర్. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే రింగుకీ ఈసీయూకీ మధ్య మాట తెగిపోవచ్చు. అప్పుడు కనిపించేది తాళం లైటు, అసలు దోషి బ్యాటరీ. టెర్మినల్ మీద తెల్లపొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి మళ్లీ చూడండి. బ్యాటరీ వైరు పీకి అరగంట ఆగి పెడితే ఇమ్మొబిలైజర్ ‘రీసెట్’ అవుతుందన్నది ఒట్టి మాట. రిజిస్టరైన తాళాల వివరాలు కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటాయి.

తాళాల గుత్తిని కూడా అనుమానించాలి. రెండో కారు చిప్ తాళం, ఆఫీసు యాక్సెస్ కార్డు, లావుపాటి ఇనుప రింగు లాంటివి పక్కనే వేలాడితే క్షేత్రం చెదిరిపోతుంది. తాళాన్ని గుత్తి నుంచి విడదీసి, ఛార్జర్, డ్యాష్‌క్యామ్ ప్లగ్గులు పీకి ఒకసారి తిప్పండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

అయినా మొరాయిస్తే రెండో తాళం తీయండి. దానితో స్టార్ట్ అయితే లోపం మొదటి తాళంలోనే ఉంది. ఇప్పుడు మొండికేసిన తాళాన్ని లాక్‌లో పెట్టి, రెండో తాళం తలను రింగుకి ఆనించి తిప్పండి. బండి అందుకుంటే ఇనుప బ్లేడు, లాక్ బాగున్నాయి, చిప్ ఒక్కటే పోయింది. రెండు తాళాలూ పనిచేయకపోతే రింగు, వైరింగు, బ్యాటరీ వైపు వెళ్లాలి. ఈ ఒక్క పరీక్షతో సగం తేలిపోతుంది. రెండో తాళం పోగొట్టుకున్నవాళ్లకి ఆ అవకాశం లేదు.

చిప్ పోయేది ఎక్కువగా తాళం కింద పడ్డప్పుడు, లేదా కేసు మార్చినప్పుడు. ఆన్‌లైన్‌లో దొరికే, బ్లేడు మడత పడే ఫ్లిప్ కేసుల్లోకి మార్చేవాళ్లు చదవాల్సిన ముక్క ఇదే. పాత కేసు తెరిస్తే బ్లేడు మొదట్లో చిన్న గూడు, అందులో బియ్యపు గింజను సాగదీసినట్టు ఒక గాజు గొట్టం, లేదా నల్లటి బిళ్ల. గాజు రకంలో వెంట్రుక కన్నా సన్నని తీగ ఫెరైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) కడ్డీకి చుట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే పుటుక్కున చిట్లుతుంది. చిప్‌ని లాగొద్దు, చుట్టూ ప్లాస్టిక్‌నే షేవింగ్ బ్లేడుతో చెక్కండి. కొన్నిట్లో విడి చిప్పే ఉండదు, రిమోట్ బోర్డు మీదే సోల్డర్ అయి ఉంటుంది. వాటిలో బోర్డు మొత్తాన్ని కొత్త కేసులోకి మార్చాలి. కొత్త కేసులో చిప్ గూడు బ్లేడుకి ఎడంగా ఉంటే ఒకరోజు పనిచేసి ఒకరోజు పనిచేయదు. నా లెక్కలో చవక ఫ్లిప్ కేసు అందానికి తప్ప దేనికీ పనికిరాదు.

రింగు చూడాలంటే స్టీరింగ్ కింది ప్లాస్టిక్ తొడుగు స్క్రూలు తీయాలి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి. హారన్ స్విచ్చో స్టీరియోనో మార్చిన మర్నాడే ఈ గొడవ మొదలైతే రింగు కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి రెండు మూడుసార్లు పెట్టి తీస్తే వదులుతుంది. కాయిల్‌కి రెండే వైర్లుంటే కనెక్టర్ పీకి మల్టీమీటర్‌తో ఓమ్స్ (తీగ నిరోధం) కొలవండి. కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల లోపు చూపిస్తే తీగ బాగుంది, ఓపెన్ అని వస్తే తెగింది. మూడు నాలుగు వైర్లుంటే లోపల సర్క్యూట్ ఉన్నట్టు, ఓమ్స్‌తో ఏమీ తేలదు. ఎలుకలు కొరికాయేమో కూడా ఓ చూపు చూడండి.

ఫోన్‌తో కలిపి కారు ఎర్రర్ కోడ్‌లు చదివే చవక బ్లూటూత్ ఈఎల్ఎం327 స్కానర్ ఇక్కడ ఓ మోస్తరు సాయమే, కోడ్ చదవగలదు కానీ తాళాన్ని రిజిస్టర్ చేయలేదు. పి0513 అంటే సరిపడని తాళం. పి0633 వస్తే తాళం ఈసీయూలో రిజిస్టర్ కాలేదు. యూ0167 అంటే ఇమ్మొబిలైజర్ యూనిట్‌తో సంబంధం తెగింది. మీది హ్యుందాయ్ అయితే రింగు రీడర్‌ని స్మార్ట్రా అంటారు. అందులో పి1690 స్మార్ట్రా పలకట్లేదని, పి1691 యాంటెన్నా కాయిల్ లోపమని చెబుతాయి. కోడ్ చెరిపే ముందు ఫొటో తీసుకోండి.

కొత్త తాళం చేయించేటప్పుడు ఇంట్లో ఉన్న తాళాలన్నీ పట్టుకెళ్లాలి. చాలా కార్లలో కొత్తది ఎక్కిస్తే పాతవన్నీ చెరిగి, మళ్లీ ఒక్కొక్కటిగా ఎక్కించాల్సొస్తుంది. తాళం రిజిస్టర్ చేయడానికి కొట్టాల్సిన రహస్య పిన్ నంబరు తప్పుగా కొడుతూ పోతే సిస్టమ్ కాసేపు లాక్ అవుతుంది, ఊహించి కొట్టేవాడికి ఇవ్వకండి. పని నడిచేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ ఉంటే మంచిది. క్లోన్ చేసిన తాళం వేరు, రిజిస్టర్ చేసిన తాళం వేరు, మీకిచ్చేది ఏదో అడిగి తెలుసుకోండి. క్లోన్ అంటే పాత చిప్‌కి నకలు, ఒరిజినల్‌ని చెరిపేస్తే అది కూడా పోతుంది.

‘ఇమ్మొబిలైజర్ తీసేసి బైపాస్ చేస్తా’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఉన్న మనవాళ్లకి తెలుసు. అక్కడ ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లను 2022 ప్రాంతంలో యూఎస్‌బీ కేబుల్ కొసతో ఇగ్నిషన్ తిప్పి ఎత్తుకెళ్లారు. ఇక్కడైతే కారు పోయి క్లెయిమ్‌కి వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు. రెండో తాళాన్ని బీరువాలో పడేసి మర్చిపోకుండా నెలకోసారి దానితో స్టార్ట్ చేసి చూడండి. అది కారులో మాత్రం వద్దు.