మిలిటరీ టార్చికి ఏ సెల్లు? అనంతపురం ఎండల్లో ఏళ్ల వాడకం తర్వాత

మిలిటరీ రకం టార్చి కొనేటప్పుడు అందరూ ల్యూమెన్లు, అంటే వెలుతురు ఎంతని అడుగుతారు. ముందు అడగాల్సింది అందులో ఏ సెల్లు పడుతుందని. రాత్రి కరెంటు వచ్చినప్పుడు బోరు మోటారు వేయడానికి పోయేవాళ్లకు టార్చి ఆగిపోయిందంటే చాలాసార్లు తప్పు సెల్లుదే.

రోజూ వాడే టార్చికి నా మాట 18650 అనే, ఛార్జి చేసుకునే లిథియం అయాన్ సెల్లే. నిండుగా ఉంటే 4.2 వోల్టులు. అయితే 9,900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) అని అచ్చేసినదాన్ని నమ్మొద్దు. ఆ సైజులో మామూలుగా పట్టేది 2,500 నుంచి 3,500 వరకే. బంగారు అంగట్లో తూకం వేయించండి. మంచి సెల్లు 45 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, నకిలీది బాగా తేలిపోతుంది. పొడవూ చూసుకోవాలి: ఉత్త సెల్లు 65 మిల్లీమీటర్లు, రక్షణ సర్క్యూట్ ఉన్నది 68 నుంచి 70. కొన్ని టార్చీల్లో అది పట్టక మూత బిగుసుకోదు.

మన దగ్గర దీనికి అసలు శత్రువు ఎండ. 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జింగ్ పెట్టకూడదు. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం పెడితే సెల్లు తొందరగా చచ్చిపోతుంది. తెల్లవారుజామున ఇంట్లో పెట్టండి. 2.5 వోల్టుల కిందికి పడిపోయినదాన్ని మళ్లీ ఛార్జి చేయకండి, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఎప్పుడో అవసరానికని పక్కన పెట్టే టార్చికి మాత్రం సీఆర్123ఏ అనే పొట్టి లిథియం సెల్లు మేలు. 3 వోల్టులు, ఛార్జి చేయకూడదు, పదేళ్లు నిలవ ఉంటుంది. మైనస్ 40 చలిలోనూ పనిచేస్తుంది కాబట్టే సైనిక పరికరాల్లో దీనికంత విలువ. మన పల్లె అంగళ్లలో దొరకదు, ముందే తెప్పించి పెట్టుకోవాలి. రెండు సెల్లు పడే టార్చిలో పాతదీ కొత్తదీ కలపడం చాలా ప్రమాదం: ముందుగా అయిపోయినదాంట్లోకి రెండోది కరెంటును ఎదురు తోస్తుంది, అది వేడెక్కి పొగ కక్కుతుంది, పేలనూ వచ్చు. అదే సైజులో ఛార్జి చేసుకునే 16340 సెల్లు రెండు వేస్తే 6 వోల్టులకు బదులు 8.4 వస్తాయి. అంత తట్టుకోలేని టార్చిలో సర్క్యూట్ కాలిపోతుంది.

మెడ వంచిన పాత అమెరికా సైన్యం టార్చి ఎంఎక్స్-991 రకానికి రెండు పెద్ద సెల్లు చాలు, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

పెన్సిల్ సెల్లు టార్చి అయితే ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ వేయండి. 1.2 వోల్టులే అయినా వెలుతురు చాలాసేపు ఒకేలా నిలుస్తుంది. ఆల్కలైన్ వేసి నెలల తరబడి వదిలేస్తే కారుతుంది, స్ప్రింగు చుట్టూ తెల్లపొడి పేరుకుంటుంది. అది క్షారం. చేతికి తగలనీయకుండా, దూదికి నాలుగు చుక్కల నిమ్మరసం అద్ది తుడవండి. నురగ ఆగాక తడిబట్టతో తుడిచి, బాగా ఆరనిచ్చి, స్ప్రింగు కొసను సన్నటి గరుకు కాగితంతో గీకితే టార్చి మళ్లీ వెలుగుతుంది. స్ప్రింగే తినేసి ఉంటే మాత్రం మార్చాల్సిందే.