ఓటర్ హెల్ప్‌లైన్ యాప్: మా వీధి అవ్వ ఓటు కోసం వాడి చూశాక

2024 మే 13న పొద్దున ఏడు కొట్టకముందే మా వీధి చివరింటి అవ్వ బడి దగ్గర క్యూలో నిలబడింది. ఆమె వెనకాలే నేను. ఎండ ముదరకముందే ఓటేసి ఇంటికి పోదామనుకున్నాం. వక్కాకు సంచిలోంచి ఓటరు కార్డు తీసి ఇచ్చింది. ఒక మూల ప్లాస్టిక్ లేచిపోయి, ఫోటోలో మొహం సగం అరిగిపోయిన పాత కార్డు. బల్ల వెనకాల కూర్చున్నాయన లిస్టులో వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చూశాడు. పేజీ తిప్పి మళ్ళీ చూశాడు. "నీ పేరు లేదమ్మా" అన్నాడు. అవ్వ ఏమీ మాట్లాడకుండా కార్డును ఇంకాస్త ముందుకు తోసింది.

నాకూ ఆ రోజే తెలిసింది. చేతిలో కార్డున్నా లిస్టులో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. అదే లిస్టులో పేరుంటే, కార్డు లేకపోయినా ఆధారో, ఉపాధి హామీ కార్డో, ఫోటో ఉన్న బ్యాంకు పాసుబుక్కో చూపించి వేయొచ్చు. ఇన్నేళ్ళూ కార్డు భద్రంగా దాచుకున్నామే గానీ లిస్టు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం అవ్వ మా వసారాలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ ఎడమచేతి చూపుడువేళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. అన్నం పెడతానంటే వద్దంది.

ఆమెకు ఓటంటే ఎందుకంత పట్టింపో నెల్లూరు జిల్లా కలిగిరి వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. దూబగుంట మా మండలమే. 1990ల మొదట్లో రోశమ్మతో పాటు అక్కడి ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళూ కదిలారు. మా ఊళ్ళో సారా బండికి అడ్డం కూర్చున్న వాళ్ళలో అవ్వ ఒకతె. అక్షరాలు నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే, రాత్రిబడిలో. 1993లో సారా నిషేధించారు. 1994 చివర్లో ఎన్నికలొచ్చాయి, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. ఆ తర్వాత అది నిలవలేదు, అది వేరే సంగతి. "మేం అరిస్తే కొట్టు మూశారు, ఓటేస్తే చట్టం చేశారు" అంటుంది అవ్వ ఇప్పటికీ. అలాంటి మనిషిని ఓటు లేదని వెనక్కి పంపడం నా కళ్ళతో చూశాను. యాప్ వేసుకున్నది అందుకే.

ఆమె పేరు ఎలా పోయిందో తర్వాత అర్థమైంది. కోడలి కాన్పుకని చెన్నైలో కొడుకు దగ్గర ఏడెనిమిది నెలలు ఉండి వచ్చింది. ఇంటికి తాళం. ఊరొదిలి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పి ఉంటారు, ఎవరో రాసుకుని ఉంటారు. పేరు తీసేయమని అడగడానికి ఫారం 7 ఉంటుంది. అది పెట్టేవాళ్ళు అదే నియోజకవర్గం ఓటరై ఉండాలి, తమ పేరూ కార్డు నంబరూ రాయాలి. ఊరు మారారని పేరు తీసేసే ముందు ఆ మనిషి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. అబద్ధం రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఈ ఫారాలు కుప్పలుకుప్పలుగా వచ్చిపడి కేసులదాకా పోయింది. చట్టం గట్టిదే. కానీ తాళం వేసిన ఇంటికి నోటీసు వస్తే తీసి చూసేదెవరు?

ఇక యాప్ సంగతి. ఇది ఎన్నికల సంఘానిది, నేను వాడింది 2024లో, రూపాయి ఖర్చు లేదు. ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. కార్డు మీది నంబరు కొడితే పేరు, పోలింగ్ బూత్, భాగం నంబరు, వరుస నంబరు కనిపిస్తాయి. కార్డు దగ్గర లేకపోతే పేరూ వయసూ ఊరూ పెట్టి వెతకొచ్చు. ముందు మా ఇంట్లో అందరివీ చూశాను, అందరివీ ఉన్నాయి. అవ్వ నంబరు కొట్టాను. ఏమీ రాలేదు. పేరుతో వెతికినా రాలేదు.

తీసేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే కొత్తవాళ్ళలాగే ఫారం 6 పెట్టాలి. అక్టోబరు చివర్లో ముసాయిదా జాబితా వచ్చింది. నేను వసారాలో జాకెట్లు కుడతాను. ఒక సాయంత్రం మిషను పక్కకు జరిపి, గోడకు తెల్లటి లైనింగ్ గుడ్డ కట్టి, అవ్వను దాని ముందు కూర్చోబెట్టి ఫోటో తీశాను. సైజు ఎక్కువుంటే తీసుకోదు, మా అమ్మాయి తగ్గించి పెట్టింది. పుట్టిన తేదీ దగ్గర ఆగాం. పెద్ద గాలివాన వచ్చిన ఏడాది అంటుంది అవ్వ. ఆధార్‌లో ఏముంటే అదే వేశాం. ఆమెకు ఫోను లేదు. బంధువుల నంబరు ఇచ్చే వీలుంది కాబట్టి కొడుకుది పెట్టాం. చివర్లో, ఇక్కడే నివాసం ఉంటున్నానని ఒప్పుకునే మాట ఉంటుంది. చదివి వినిపించాను. "ఇక్కడ కాకపోతే ఎక్కడుంటాను పాపా" అంది.

అంతా కలిపి గంట పట్టింది. రిఫరెన్సు నంబరు ఇస్తుంది. దాన్ని కొలతల పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఈ యాప్‌లో నాకు బాగా నచ్చింది అదే. కాగితం ఇచ్చి వస్తే అది ఏ బల్ల మీద ఉందో మనకు తెలియదు. ఇక్కడ మాత్రం దరఖాస్తు బీఎల్ఓకి (మన బూత్ ఓటర్ల లిస్టు చూసుకునే అధికారికి) వెళ్ళిందా, విచారణ అయిందా, ఆమోదించారా అన్నది నంబరు కొట్టి ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. రోజూ పొద్దున మిషను ఎక్కే ముందు ఒకసారి చూసేదాన్ని.

మా బీఎల్ఓ అంగన్‌వాడీ టీచరమ్మ. కొన్నాళ్ళకు రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "అవ్వా, ఇక్కడే ఉంటున్నావా?" అని అడిగింది, అడగడం ఆమె డ్యూటీ. "రోజూ నా ముగ్గు తొక్కుకుంటానే కదా పోతావు" అంది అవ్వ. టీచరమ్మ నవ్వి రాసుకుని పోయింది. 2025 జనవరి తుది జాబితాలో అవ్వ పేరు వచ్చింది.

మిగతా ఉపయోగాలు క్లుప్తంగా చెబుతాను. మా అమ్మాయికి మార్చిలో పద్దెనిమిది నిండుతాయి. ఒకప్పుడైతే జనవరి 1 దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి, పదిహేడు నిండగానే ముందుగా పెట్టుకోవచ్చు. అలాగే పెట్టాం. మా ఆయన పని చెన్నైలో, ఓటు ఇక్కడ. అక్కడా ఇక్కడా రెండు చోట్ల ఉండకూడదు, ఏదో ఒకటే ఉంచుకోవాలి. పోలింగ్ రోజుకి రైల్లో కావలి దాకా వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కుతాడు. కార్డు మీద జిల్లా పేరు పాతదని భయపడేవాళ్ళకు ఒక మాట. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు వైపు మా చుట్టాలు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చారు. అప్పుడు కార్డు మీద ప్రకాశం అనే ఉంది, దానివల్ల ఓటు పోలేదు. దిద్దించుకోవాలనుకుంటే ఫారం 8 ఉంది.

ఎనభై అయిదు దాటిన వాళ్ళకు, కనీసం నలభై శాతం వైకల్యం ఉన్నవాళ్ళకు ఫారం 12డి ఇస్తే ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారు. 2024లో మా మామ అలాగే వేశాడు. మంచం పక్కన అట్టముక్క అడ్డం పెట్టి, మమ్మల్నందరినీ బయటికి పంపించారు. మామ తన కవరు తానే అంటించాడు. నడవలేని పెద్దవాళ్ళున్న ఇళ్ళు ఈ ఒక్కటీ తప్పకుండా తెలుసుకోవాలి.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, ఇది మనం అడిగితేనే చెబుతుంది. ఫోను చేతకాని వాళ్ళ పేరు పోతే వాళ్ళకు తెలిసేది పోలింగ్ రోజునే. వాళ్ళకోసం 1950 అనే హెల్ప్‌లైన్ ఫోన్ నంబరుంది, బీఎల్ఓ ఉంది. అయినా పక్కింటి వాళ్ళు పట్టించుకోకపోతే కష్టం. అందుకే ఆ నవంబరులో మా పొదుపు సంఘం మీటింగులో ముసాయిదా లిస్టు దగ్గర పెట్టుకుని ఒక్కో పేరూ పైకి చదివాం. చనిపోయిన వాళ్ళవి రెండు పేర్లు ఇంకా ఉన్నాయి. ఊళ్ళోనే ఉంటూ పేరు లేని వాళ్ళు ఇంకో ఇద్దరు తేలారు. ఇద్దరూ ఒంటరి ఆడవాళ్ళే. వాళ్ళకూ ఫారం 6 పెట్టాం. సర్పంచి ఎన్నికల లిస్టు తయారయ్యేది కూడా దీన్నుంచే. గ్రామసభలో సభ్యులంటే ఆ లిస్టులో పేరున్నవాళ్ళే. వీధిలైటు గురించి అడగాలన్నా ముందు అందులో ఉండాలి. మీ ఊళ్ళో కూడా ఒక పూట కూర్చుని చదవండి, రెండు గంటల పని.

అవ్వ కొత్త కార్డు పోస్టులో వచ్చిన రోజు నేరుగా మా వసారాకే తెచ్చింది. కార్డు నా చేతిలో పెట్టి, "ఇది సరే, లిస్టులో చూపించు" అంది. యాప్ తెరిచి నంబరు కొట్టి ఫోను ఆమె చేతికిచ్చాను. పేరు మీద వేలు పెట్టేసరికి తెర కిందికి జారిపోయింది. మళ్ళీ పైకి తెచ్చి పట్టుకున్నాను. ఈసారి వేలు తగలనీయకుండా, కళ్ళు దగ్గరగా పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు తనే చదువుకుంది.