రగ్బీ క్లబ్బు దివాలా తీస్తే ఏది మేలు? కొత్త యజమానా, బోర్డా, అట్టడుగు నుంచి మళ్లీ మొదలా?

ఇంగ్లండ్‌లో వూస్టర్ వారియర్స్ అనే రగ్బీ క్లబ్బు 2022 సెప్టెంబర్ 24న న్యూకాసిల్‌ను 39-5 తేడాతో చిత్తు చేసింది. రెండు రోజులకే ఆ క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. మన దగ్గర దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి చేరిన కంపెనీల పరిస్థితి లాంటిదే అది: అప్పులవాళ్లు కాసేపు ఆగుతారు, ఈలోగా దివాలా నిపుణులు వచ్చి లెక్కలు చూస్తారు, కొనేవాళ్ల కోసం వెతుకుతారు. వూస్టర్‌కు ఆ గడువు కూడా సరిగ్గా దొరకలేదు. ఆటగాళ్ల కాంట్రాక్టులన్నీ ఒక అనుబంధ కంపెనీ పేరు మీద ఉండేవి. పన్ను బకాయిల కేసులో ఆ కంపెనీని మూసేయాలని అక్టోబర్ 5న హైకోర్టు ఆదేశించింది. అంతే, ఆటగాళ్లకూ చాలామంది సిబ్బందికీ ఉద్యోగాలు పోయాయి.

అదే నెలలో వాస్ప్స్ పడిపోయింది. అది 1867లో పుట్టిన క్లబ్బు, రెండుసార్లు యూరప్ ఛాంపియన్. అక్టోబర్ 17న అడ్మినిస్ట్రేషన్ ప్రకటించిన పూటే 167 మంది ఆటగాళ్లను, సిబ్బందిని ఇంటికి పంపేశారు. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ వంతు వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో జెర్సీ రెడ్స్ కూడా మూతపడింది. అంతకుముందు సీజన్లోనే రెండో అంచె లీగ్ గెలిచిన జట్టు అది. 13 జట్లున్న మొదటి అంచె లీగ్ ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్ ఒక్క ఏడాదిలో 10కి కుదించుకుపోయింది.

ఇలా పడిపోయాక ఏం చేయాలన్న దానికి రగ్బీలో ఇప్పటికే నాలుగు జవాబులు ఉన్నాయి. నాలుగూ ఎక్కడో ఒకచోట అమలైనవే కాబట్టి ఏది మేలో కాస్త ధైర్యంగానే చెప్పొచ్చు.

ముందు రోగమేంటో చూడాలి. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో సగటు క్లబ్బు టికెట్లు, టీవీ డబ్బు, స్పాన్సర్లు అన్నీ కలిపి తెచ్చుకునేది దాని ఖర్చుకు చాలదు. తేడాను ఏటా యజమాని తన జేబులోంచి పూడుస్తాడు. వూస్టర్‌కు ఆ మనిషి సెసిల్ డక్‌వర్త్. బాయిలర్ల వ్యాపారంలో సంపాదించి, కింది లీగుల్లో ఉన్న ఊరి క్లబ్బును 2004లో ప్రీమియర్‌షిప్ దాకా ఎక్కించాడు. ఊళ్లో ఆయన పేరు చెబితే ఇప్పటికీ గౌరవమే. కానీ అలాంటి మనిషి తప్పుకున్నాక వచ్చేవాళ్లందరికీ ఆ ప్రేమా ఉండదు, ఆ జేబూ ఉండదు. పైగా కోవిడ్ వచ్చింది. ఖాళీ స్టేడియాల కాలంలో ప్రభుత్వం క్లబ్బులకు అప్పులిచ్చింది. అప్పు ఎప్పటికైనా అప్పే. వూస్టర్ కూలేనాటికి బాకీలు 2.5 కోట్ల పౌండ్లు దాటాయి, అందులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. వాస్ప్స్ కథ ఇంకో రకం. 2014లో కొవెంట్రీకి మారి అక్కడి పెద్ద స్టేడియం కొన్నారు. దాని కోసం 2015లో మామూలు జనం దగ్గర 6.5 శాతం వడ్డీకి బాండ్ల రూపంలో 3.5 కోట్ల పౌండ్లు సేకరించారు. 2022 మేలో తిరిగి చెల్లించాల్సిన రోజు వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు.

మొదటి జవాబు పెద్ద కంపెనీకి అమ్మేయడం. 2025 ఆగస్టులో న్యూకాసిల్ ఫాల్కన్స్‌ను రెడ్ బుల్ కొనేసింది. ఆ క్లబ్బు అంతకుముందే బాగా చితికిపోయి ఉంది. 2023-24 సీజన్లో ఆడిన 18 లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, జీతాల మీద బతికేవాళ్ల కోణంలో దీన్ని మించిన దారి లేదు. కూలకముందే చేతులు మారింది కాబట్టి ఒక్క నెల జీతం ఆగలేదు, జట్టు లీగ్‌లోనే ఉంది, పిల్లల అకాడమీ నడుస్తూనే ఉంది. దీనికి కట్టిన మూల్యం పేరు. ఇప్పుడు ఆ జట్టు న్యూకాసిల్ రెడ్ బుల్స్. కొందరు అభిమానులకు ఇది మింగుడు పడలేదు. నా మటుకు నాకు పేరు గురించి పెద్ద బెంగ లేదు. 1990ల్లో సర్ జాన్ హాల్ అనే వ్యాపారి డబ్బుతో వచ్చినప్పుడు కూడా ఈ క్లబ్బు పేరు మారింది, ఆ జట్టే 1998లో ఛాంపియన్ అయింది. నా బెంగ వేరే. రోగం అలాగే ఉంది, జేబు మాత్రం పెద్దదైంది. రేపు ఆ కంపెనీ బోర్డు ఈ ఖర్చు అనవసరం అనుకుంటే క్లబ్బు మళ్లీ మొదటికే వస్తుంది.

రెండో జవాబు ఆటను నడిపే బోర్డే క్లబ్బును తీసుకోవడం. 2025 ఏప్రిల్‌లో వేల్స్‌లోని కార్డిఫ్ రగ్బీ క్లబ్బు, యజమానులు ఒప్పుకున్న డబ్బు పెట్టకపోవడంతో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. వెంటనే అక్కడి బోర్డు అయిన వెల్ష్ రగ్బీ యూనియన్ కొనేసింది. 1876 నాటి క్లబ్బు ఆ విధంగా నిలబడింది. ఆటగాళ్లు మరుసటి మ్యాచ్‌కు ఎప్పటిలాగే సిద్ధమయ్యారు. వూస్టర్ వాళ్లు చూసిన దాంతో పోలిస్తే ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

కానీ వేల్స్‌లో ప్రొఫెషనల్ జట్లు నాలుగు. నాలుగింటికీ డబ్బు పంచేది యూనియనే. అందులో ఒకటి యూనియన్ సొంతం అయ్యేసరికి మిగతావాళ్లకు అనుమానం రాక ఏమవుతుంది? కొత్త నిధుల ఒప్పందం మీద కార్డిఫ్, డ్రాగన్స్ సంతకం పెట్టాయి. స్వాన్సీ జట్టు ఆస్ప్రీస్, లానెల్లీ జట్టు స్కార్లెట్స్ పెట్టలేదు. అక్టోబర్ వచ్చేసరికి నాలుగు జట్లను మూడు చేస్తామని యూనియన్ ప్రకటించింది. ఒక క్లబ్బును కాపాడిన చెయ్యే ఇంకో క్లబ్బును మూసే పరిస్థితి వచ్చింది. స్వాన్సీలోనో లానెల్లీలోనో ఉండే అభిమాని దీన్ని న్యాయం అని ఎలా ఒప్పుకుంటాడు?

బోర్డు దగ్గర డబ్బు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. మెల్‌బోర్న్ రెబెల్స్ 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా అప్పుతో 2024 జనవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అక్కడి బోర్డు రగ్బీ ఆస్ట్రేలియా లైసెన్స్ తీసుకుని ఆ సీజన్ వరకు నడిపింది. జట్టు చరిత్రలో మొదటిసారి సూపర్ రగ్బీ లీగ్ క్వార్టర్ ఫైనల్‌కు చేరింది కూడా. అయినా ఆ మ్యాచ్ ఆడకముందే, మే చివర్లో, వచ్చే సీజన్ నుంచి జట్టు ఉండదని చెప్పేశారు. ఇలాంటి అనుభవం హైదరాబాద్ వాళ్లకు కొత్త కాదు. 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో యజమాని అప్పులతో రద్దయింది. దాని స్థానంలో సన్ టీవీ కొత్త జట్టు పెట్టింది. ఫ్రాంచైజీ పద్ధతిలో ఉన్న చిక్కే ఇది. కింద ఇంకో అంచె ఉండదు, పడితే నేరుగా లేకుండా పోవడమే.

ఆ కింది అంచెలు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. మూడో జవాబు అక్కడి నుంచే వచ్చింది, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే.

రిచ్‌మండ్ 1861లో పుట్టిన క్లబ్బు. 1995లో రగ్బీ ప్రొఫెషనల్ ఆట అయ్యాక, 1996లో ఆష్లే లెవెట్ అనే వ్యాపారి దీన్ని కొన్నాడు. స్కాట్ క్విన్నెల్, బెన్ క్లార్క్, అగస్టిన్ పిచో లాంటి పెద్ద పేర్లు వచ్చాయి. జట్టు మొదటి అంచెకు చేరింది. పాత మైదానం చాలదని రెడింగ్‌లోని మడెయ్‌స్కీ స్టేడియానికి తీసుకెళ్లారు. జనం అనుకున్నంత రాలేదు, ఖర్చు మాత్రం ఆగలేదు. 1999లో లెవెట్ డబ్బు ఆపేశాడు, క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లింది. పక్కింటి లండన్ స్కాటిష్‌కూ అదే గతి పట్టింది. రెండింటి ప్రొఫెషనల్ జట్లనూ కాగితం మీద లండన్ ఐరిష్‌లో కలిపేసి ఆ అధ్యాయం ముగించారు.

ఆ తర్వాత సభ్యులు చేసిన పని చూడండి. కంపెనీ పోయింది కానీ రిచ్‌మండ్ అథ్లెటిక్ గ్రౌండ్ పోలేదు, దాని మీద ఆడే మనుషులూ పోలేదు. ఇంటర్నేషనల్ ఆటగాళ్లు తొడిగిన జెర్సీతోనే 2000లో జిల్లా స్థాయి లీగ్‌లో అమెచ్యూర్ జట్టుగా మొదలుపెట్టారు. పొద్దున్న ఉద్యోగాలు, సాయంత్రం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. ఒక్కో అంచె ఎక్కుతూ 2016 నాటికి రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్‌కు వచ్చారు. అక్కడ పూర్తి ప్రొఫెషనల్ జట్లతో తలపడుతూ కూడా తమ ఆటగాళ్లు ఉద్యోగాలు మానక్కర్లేదన్న పద్ధతి వదల్లేదు. తర్వాత కిందికి జారారు, మళ్లీ గెలిచి 2025లో పైకొచ్చారు. లండన్ స్కాటిష్ కూడా అదే మైదానంలో అలాగే మొదలుపెట్టి వాళ్లకంటే ముందే ఛాంపియన్‌షిప్ చేరింది.

ఈ దారిలో నష్టం లేదని అనడం లేదు. మొదటి అడుగుకూ 2016కూ మధ్య పదహారేళ్లు. ఆ ఊళ్లో 1999లో పదేళ్ల వయసున్న పిల్లాడు పెద్ద ఆట చూడటానికి వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఉద్యోగాలు పోయినవాళ్లకు ఈ గెలుపు వల్ల పైసా రాలేదు. అప్పులిచ్చినవాళ్లకూ రాలేదు. కొత్త క్లబ్బు కొత్త చేతులతో మొదలైంది, పాత బాకీ పాత కంపెనీతోనే పోయింది. ఇది న్యాయంగా లేదనేవాళ్లతో నేను వాదించను.

నాలుగోది వూస్టర్ ఇప్పుడు నడుస్తున్న దారి. మూడేళ్లు ఖాళీగా ఉండి, 2025-26లో నేరుగా రెండో అంచెలోకి తిరిగొచ్చింది. కింది నుంచి ఎక్కే పని లేదు. రిచ్‌మండ్, లండన్ స్కాటిష్, వూస్టర్ మూడూ ఆ సీజన్లో ఒకే లీగ్‌లో ఆడాయి. ఇద్దరు కష్టపడి ఎక్కిన మెట్లను మూడోవాళ్లు లిఫ్టులో దాటేశారని కొందరికి కోపం ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది.

అయినా వూస్టర్ వైపు ఒక బలమైన కారణం ఉంది. ఇలా తిరిగి రావాలంటే రగ్బీకి సంబంధించిన పాత బాకీలు తీర్చాలని ఇంగ్లండ్ బోర్డు షరతు పెట్టింది. అంటే జీతం ఆగిపోయిన ఆటగాడికి కనీసం ఒక ఆశ మిగిలింది. వాస్ప్స్‌కూ 2023లో ఇదే అవకాశం ఇచ్చారు. వాళ్లు షరతులు నెరవేర్చలేకపోయారు, దాంతో లైసెన్స్ పోయి అట్టడుగుకు వెళ్లాల్సి వచ్చింది. నా లెక్కలో ఇది మంచి షరతు. క్లబ్బు పేరు కావాలంటే ఆ పేరు మీద ఉన్న బాకీ కూడా మోయాలి.

వూస్టర్‌కు కలిసొచ్చిన రెండో సంగతి సిక్స్‌వేస్ స్టేడియం. కూలిన రోజుల్లో అదే పెద్ద టెన్షన్. స్టేడియం చుట్టూ ఉన్న భూమి ముక్కలై వేరే కంపెనీల పేర్ల మీద ఉందని తెలిశాక ఊరంతా హడలిపోయింది. దీని మీద బ్రిటన్ పార్లమెంటు కమిటీ 2023 జనవరిలో ఇచ్చిన నివేదిక అప్పటి యజమానులను, పట్టించుకోని బోర్డును, లీగ్‌ను గట్టిగా తప్పుపట్టింది. చివరి వారాల్లో సేఫ్టీ అనుమతుల ఇబ్బందితో ప్రేక్షకులను ఐదు వేల లోపే రానిచ్చారు. స్టేడియంలో సగానికి పైగా స్థలం ఖాళీగా కనిపిస్తుంటే, వచ్చినవాళ్లు మాత్రం గొంతు పోయేలా అరిచారు. చివరికి భూమి, స్టేడియం ఒక చేతికి వచ్చాకే తిరిగి రావడం కుదిరింది. పది వేలమందికి పైగా పట్టే మైదానం లేదన్న కారణంతోనే ఈలింగ్ ట్రెయిల్‌ఫైండర్స్ 2022లో, మళ్లీ 2024లో రెండో అంచె గెలిచి కూడా పైకి వెళ్లలేకపోయింది. మైదానం విలువ ఎంతో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నాలుగు కథల్లోనూ నాకు కనిపించింది మైదానమే. రిచ్‌మండ్ తిరిగి లేచింది సొంత గడ్డ మీద. వాస్ప్స్ 1996లో సడ్‌బరీ మైదానం వదిలి లాఫ్టస్ రోడ్‌కు, అక్కడి నుంచి వికమ్‌కు, తర్వాత కొవెంట్రీకి తిరిగింది. ప్రతి మార్పులోనూ కొంతమంది అభిమానులు వెనకే ఉండిపోయారు. చివరికి కొవెంట్రీ స్టేడియాన్ని మైక్ ఆష్లే అనే వ్యాపారి కంపెనీ కొనేశాక వాస్ప్స్‌కు నిలబడటానికి చోటు లేదు.

అందుకే నా తీర్పు ఇలా ఉంటుంది. క్లబ్బు ఇంకా బతికి ఉంటే, కూలకముందే మంచి యజమానిని వెతకడం మేలు, ఎందుకంటే జీతాలు ఆగవు. కూలిపోయాక, సొంత మైదానం ఉంటే, బాకీలు తీర్చగలిగితే వూస్టర్ దారి. బాకీలు తీర్చలేకపోతే దొడ్డిదారి వెతక్కుండా రిచ్‌మండ్ దారి. బోర్డు చేతికి ఇవ్వడం సీజన్ మధ్యలో జట్టు ఆగకుండా చూడటానికి మాత్రమే, అదీ ఇన్నాళ్లలో అమ్మేస్తామని తేదీ పెట్టుకుని.

వాస్ప్స్ పేరు ఇప్పుడు కెంట్‌లోని స్వాన్లీ దగ్గర కట్టబోయే స్టేడియం ప్రతిపాదనతో ముడిపడి ఉంది. అంత పెద్ద కట్టడం పూర్తయ్యేదాకా ఆగడం కన్నా, ఆక్టన్‌లోని ట్వైఫర్డ్ అవెన్యూలో ఇప్పటికీ శనివారాలు ఆడుతున్న అమెచ్యూర్ వాస్ప్స్ జట్టుకే ఆ డబ్బులో కొంత పెట్టి పైకి ఎక్కించడం మంచిదని నేను అంటాను. మైదానం ఉంది, ఆడేవాళ్లున్నారు, పేరూ అదే.