గింతామా 2015 సీజన్: మూడోసారి చూశాక

మొన్న సంక్రాంతి సెలవుల్లో తమ్ముడితో కలిసి గింతామా అనే జపాన్ అనిమే (యానిమేషన్ సిరీస్) 2015 సీజన్‌ని మూడోసారి పూర్తి చేశాను. మొదటిసారి హాస్టల్లో రాత్రిళ్లు చూశాను, రెండోసారి ఉద్యోగంలో చేరిన కొత్తలో. చూసిన ప్రతిసారీ ఇది ఇంకాస్త నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ముందు తమ్ముడి సంగతి చెప్పాలి.

వాడు నెట్‌లో ఎవరో రాసింది చదివి, "300వ ఎపిసోడ్ నుంచి అసలు కథ మొదలవుతుందట, ముందున్నవి కామెడీయే కదా" అంటూ నేరుగా అక్కడికి దూకాడు. అక్కడ మొదలయ్యేది షోగన్ (దేశాన్నేలే సైనిక పాలకుడు) హత్య కథ, 307 దాకా నడుస్తుంది. పక్కన కూర్చున్న నాకు గొంతు పూడుకుపోతోంది. వాడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి, "అక్కా, ఇంతకీ ఈ రాజుగారు ఎవరు? ఆయన కోసం అందరూ ఎందుకింత హైరానా పడుతున్నారు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. గింతామా తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. జపాన్‌లో ఎడో కాలం చివర. చరిత్రలో 1853లో అమెరికా నల్ల ఓడలు వచ్చి దేశం తలుపులు తెరిపించాయి. ఇక్కడ ఆ పని గ్రహాంతరవాసులు చేస్తారు. కత్తులు నిషేధం, సమురాయ్‌లకు పని లేదు. గింతోకి అనే మాజీ యోధుడు చెక్క కత్తి నడుముకు దోపుకుని, షింపాచి, కగురా అనే ఇద్దరు పిల్లలతో కలిసి ఏ పనైనా చేసిపెట్టే దుకాణం నడుపుతాడు. ఇంటి అద్దె ఎప్పుడూ బాకీయే. సొరాచి హిదెయాకి 2003 నుంచి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఇది. అనిమే 2006లో మొదలై, మధ్యలో ఆగుతూ, మళ్లీ లేస్తూ 2018 దాకా 367 ఎపిసోడ్లు నడిచింది. నేను చెబుతున్న సీజన్ అందులో 266 నుంచి 316 వరకు, 2015 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు వచ్చిన 51 ఎపిసోడ్లు.

ఆ షోగన్ పేరు షిగెషిగె. పాత సీజన్లలో ఆయన వచ్చేదే పరువు పోగొట్టుకోవడానికి. మారువేషంలో క్లబ్బుకి వస్తాడు, ఆటలో ఓడి లోదుస్తులతో మిగులుతాడు. మంగలి షాపుకి వస్తాడు. ఆ రోజు షాపు చూసుకుంటున్నది మన ముగ్గురే, ఆయన పిలక కాస్తా ఊడిపోతుంది. మంచు కొండల మీద ఆయన్నే బల్లగా చేసుకుని జారతారు. దేశాన్నేలే మనిషికి ఇన్ని అవమానాలు జరిగినా ఒక్కసారి కూడా కోప్పడడు, ఒక్కరినీ శిక్షించడు. నవ్వుతూ చూసేటప్పుడు ఆ సంగతి మన దృష్టికి రాదు. 300 దాటాక అదే మనిషి కత్తి పట్టి వాళ్ల పక్కన నిలబడినప్పుడు అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. ఇన్నేళ్లుగా మనల్ని నవ్వించింది ఎంత మంచివాడో అప్పుడు తెలుస్తుంది. తర్వాత ఏమవుతుందో నేను చెప్పను.

అందుకే తమ్ముడి చేత అక్కడితో ఆపించాను. షోగన్ వచ్చే పాత ఎపిసోడ్లన్నీ వెతికి వరసగా చూపించాను. మంగలి షాపు ఎపిసోడ్‌కి వాడు మంచం మీద నుంచి పడిపోయేంత నవ్వాడు. మూడు రోజుల తర్వాత మళ్లీ 300 పెట్టాం. 307 అయ్యాక వాడేం మాట్లాడలేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చి, "తర్వాతది పెట్టు" అన్నాడు.

ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గింతోకికీ తకాసుగికీ జరిగే పోరు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. తకాసుగి ఎడమ కన్ను పోయింది. ఆ కన్ను మూతపడే ముందు ఆఖరిసారి చూసిన దృశ్యమేమిటో ఇన్నేళ్లూ దాచి, సరిగ్గా ఈ పోరు మధ్యలో చూపిస్తారు. వాళ్లు కొట్టుకునే తీరులో అందం ఉండదు. ఒళ్లు హూనమై, నిలబడే ఓపిక లేక ఒకరి మీద ఒకరు పడుతుంటారు. గింతోకికి గొంతు ఇచ్చిన సుగితా తొమొకాజు మామూలుగా నిద్రమత్తులో ఉన్నట్టు మాట్లాడతాడు. ఇక్కడ ఆ గొంతు చీలిపోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.

చరిత్ర కొంచెం తెలిస్తే ఈ కథ ఇంకా బరువెక్కుతుంది. ఆ గురువు పాత్రకు మూలం యోషిదా షోయిన్, 1859లో ఆయనకు మరణశిక్ష వేశారు. తకాసుగి షిన్సాకు నిజంగానే ఆయన శిష్యుడు. చివరి తొమ్మిది ఎపిసోడ్లలో షిన్‌సెన్‌గుమి పోలీసు దళం వీడ్కోలు కథ వస్తుంది. అసలు దళానికి నాయకుడైన కొందో ఇసామి తల 1868లో తెగింది. ఇక్కడి కొందో అమ్మాయి వెంటపడి దెబ్బలు తినే మనిషి. అయినా ఆయన్ని జైలుకి తీసుకెళ్లాక ఆయన దళంలోని హిజికాతా, ఒకితాల ముఖాలు చూస్తుంటే, ఇక్కడ చరిత్ర మారితే బాగుండునని మనసు గట్టిగా కోరుకుంటుంది.

అంతా గొప్పగా ఉందని అనను. మొదటి 34 ఎపిసోడ్లూ ఒకే స్థాయిలో లేవు. మొదటి ఎపిసోడ్ మాత్రం అదిరింది. గడియారం పాడై లోకమంతా కాలం ఆగిపోతుంది, రెండేళ్లు అనిమే ఆగిపోయిన సంగతిని అలా కథలో కలిపేశారు. గింతోకి, హిజికాతాల ప్రాణాలు ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి మారే కథ కూడా బాగుంది. ఆడవాళ్లు మగవాళ్లుగా, మగవాళ్లు ఆడవాళ్లుగా మారే కథ నాకు మూడుసార్లూ నచ్చలేదు, సాగదీశారు. పచ్చి జోకులు చాలానే ఉన్నాయి. అసలు సిరీస్ పేరే ఒక బూతు మాటకు ఒక్క అక్షరం దూరంలో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు హాల్లో టీవీలో పెట్టొద్దు.

సబ్‌టైటిల్స్ ఇంకో ఇబ్బంది. మాటల గారడీ మీద నడిచే హాస్యం కాబట్టి ఇంగ్లీషులోకి వచ్చేసరికి సగం రాలిపోతుంది. మనకది తెలియనిది కాదు, తెలుగు పంచ్ డైలాగుని వేరే భాష స్నేహితుడికి వివరించబోయి చప్పబడటం అందరికీ అనుభవమే. జపాన్ టీవీ వాళ్ల మీద, వేరే మాంగాల మీద వేసే జోకులు కొన్ని నాకు రెండోసారి చూసినప్పుడే అర్థమయ్యాయి. తొందరేం లేదు, అర్థం కాని చోట వదిలేసి ముందుకెళ్లండి. షింపాచి అరుపులు వింటే ఎక్కడ నవ్వాలో తెలిసిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 266 నుంచి చూడొద్దు. 2006 సీజన్ నుంచే రండి. మొదటి రెండు ఎపిసోడ్లు టీవీ కోసం విడిగా అల్లినవి, అవి వదిలేసి మూడో దానితో మొదలుపెట్టినా నష్టం లేదు. ఇరవై, ముప్పై ఎపిసోడ్ల దాకా "ఇందులో ఏముంది" అనిపిస్తుంది, నాకూ అనిపించింది. రోజుకి ఒకటో రెండో, అన్నం తింటూ చూడండి. తమ్ముడు ఇప్పుడు అలాగే మొదటి నుంచి చూస్తున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి 80 దాటానన్నాడు. షోగన్ మొదటిసారి కనిపించేది ఆ దగ్గర్లోనే.